బీరు రుచుల డైరీకి కొన్నాళ్లు విరామం ఇవ్వాలంటే

తాగిన ప్రతి కొత్త బీరుకూ ఒక నంబరు వేసి, పేరు, ఊరు, రంగు, వాసన, రుచి రాసుకుని, చివర్లో మార్కులు వేసుకునే సరదా మనవాళ్లలోనూ బాగానే పెరిగింది. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీల (అక్కడే బీరు తయారుచేసి అమ్మే చోట్ల) విధానం వచ్చాక హైదరాబాద్‌లో 'లైటా, స్ట్రాంగా' అన్న ప్రశ్న దాటి 'వీట్ (గోధుమ బీరు) ఉందా, స్టౌట్ (నల్ల బీరు) ఉందా' అని అడిగేవాళ్లు తయారయ్యారు. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకు అది అంతకుముందే అలవాటు. డల్లాస్‌లోనో మ్యూనిక్‌లోనో ఉంటున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, షాపులో ఒక గోడంతా బీరే. వంద బీర్లని ఒకరు, దేశానికొకటని ఒకరు, స్టైల్‌కు, అంటే బీరు రకానికి, పదని ఇంకొకరు లెక్క పెట్టుకుంటారు.

ఈ లెక్క ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అయ్యప్ప మాల వేసుకుంటారు. యూరిక్ యాసిడ్ రిపోర్టు చూసి డాక్టరు గట్టిగా చెబుతారు. ఇంట్లో పసిబిడ్డ వస్తుంది. లేదంటే విసుగే వస్తుంది. అలా ఆగినప్పుడు చాలామంది అసలు ఏమీ చేయరు, అలా వదిలేస్తారంతే. ఫ్రిజ్‌లో సీసాలు గడువు దాటిపోతాయి. ఏడాది తర్వాత నోట్సు తెరిస్తే 'బాగుంది, 7' అని ఉంటుంది. ఏం బాగుందో, ఏడు అంటే ఎంతో రాసిన మనిషికే గుర్తుండదు.

విరామం ఇవ్వడం కూడా ఒక పనే, రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఆ పనిలో దేనికి ఎక్కువ శ్రద్ధ పెట్టాలో ముందే చెప్పేస్తాను. సీసాలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. మీ నోట్సు, మీ ముక్కు మాత్రం బజారులో దొరకవు. చాలామంది సీసాల గురించి టెన్షన్ పడి ఈ రెంటినీ గాలికొదిలేస్తారు.

ఎందుకు, ఎప్పటిదాకా

ముందుగా ఒక కాగితం మీద కారణం, తిరిగి ఆలోచించే తేదీ రాయండి. కారణాన్ని బట్టే మిగతా పనుల వరస మారుతుంది. దీక్ష అయితే గడువు దానికదే ఉంది, మండలం అంటే 41 రోజులు. కాకపోతే మాల వేసుకునేలోపే ఇంట్లోంచి సీసాలు బయటికి వెళ్లాలి కాబట్టి సరుకు సర్దడం మొదటి పని అవుతుంది. ఆరోగ్యం కారణమైతే తేదీ మీ చేతిలో లేదు. తర్వాతి రక్తపరీక్ష ఎప్పుడో ఆ రోజే మీ తేదీ. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ లాంటి, మద్యంతో పడని మందులు వాడుతున్నప్పుడు కోర్సు అయ్యాక కూడా ఎన్ని రోజులు ఆగాలో డాక్టరునే అడగాలి, గ్రూపులో ఉన్న పెద్దన్నని కాదు.

ఒక్కోసారి ఆపేది మనం కాదు, బజారు. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ మద్యం దుకాణాల్లో అలవాటైన బ్రాండ్లు దొరక్క, ఎప్పుడూ వినని పేర్లే అరల్లో ఉన్న రోజులు గుర్తుండే ఉంటాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగి వచ్చాక ఆ పరిస్థితి మారింది. 2025 జనవరిలో బకాయిలు, ధరల వివాదంతో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేసినప్పుడు కింగ్‌ఫిషర్ సీసా కోసం వైన్స్‌ల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. ఆ నెలలోనే సరఫరా మళ్లీ మొదలైంది. ఇలాంటి విరామానికి తేదీ పెట్టలేం. 'సరుకు వచ్చాక' అని రాసుకుంటే చాలు.

విసుగొచ్చి ఆపుతున్నవాళ్లు మూడు నెలల తేదీ పెట్టుకోండి. 'చూద్దాంలే' అనేది తేదీ కాదు. ఫోన్ క్యాలెండర్‌లో ఆ రోజున ఒక రిమైండర్ పెట్టండి. అందులో 'మళ్లీ మొదలుపెట్టాలి' అని రాయకండి, 'ఆలోచించాలి' అని రాయండి. అప్పటికి మనసెలా ఉంటుందో ఎవరికి తెలుసు.

ఒక ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. ఈ గైడు అప్పుడప్పుడు రుచి చూసేవాళ్ల కోసం. రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. అలాంటివాళ్లు డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పిన పద్ధతిలోనే ఆపాలి. మద్యం, మత్తు అలవాట్ల గురించి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఆపుదామనుకున్న ప్రతిసారీ రెండు రోజులకే మళ్లీ సీసా మూత తీస్తున్నారంటే, అది ఈ డైరీ ప్రాజెక్టుకు సంబంధించిన సమస్య కాదని గుర్తించండి.

ఆఖరి పరుగు వద్దు

87 దగ్గర ఉన్నారనుకోండి. 'ఎలాగూ ఆపుతున్నాం కదా, ఈ వారంలో 100 చేసేద్దాం' అనే ఆలోచన తప్పకుండా వస్తుంది. స్నేహితులు ఇంకా ఎగదోస్తారు. దీనికి లొంగొద్దు.

లెక్క చూడండి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 13 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసాలో, 8 శాతం అనుకుంటే, 41 గ్రాములు. బ్రిటన్ ప్రభుత్వ వైద్యులు వారం మొత్తానికి దాటొద్దని చెప్పే పరిమితి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు. మూడు స్ట్రాంగ్ సీసాలతో వారం కోటా దాటిపోయింది. పదమూడు బీర్లు వారంలో తాగి రాసిన నోట్సులో, ఆ సిట్టింగ్‌లో నాలుగో గ్లాసు తర్వాత రాసినదంతా చెత్తబుట్టకే. నాలుక మొద్దుబారుతుంది, మార్కులు ఉదారంగా పడతాయి. 87 దగ్గర ఆగితే వచ్చే నష్టమేమీ లేదు. ఆ అంకె చూడ్డానికి గుండ్రంగా లేదంతే.

సీసాలను మూడు గుంపులు చేయండి

ఫ్రిజ్, అలమారా, మంచం కింద అట్టపెట్టె అన్నీ బయటికి తీయండి. ఒక్కో సీసా మీద తయారీ తేదీ, ఆల్కహాల్ శాతం, సీసా రంగు చూడండి. ఈ మూడింటితోనే దాని భవిష్యత్తు చెప్పేయొచ్చు.

మొదటి గుంపు ఆగనివి. మామూలు లాగర్లు (కింగ్‌ఫిషర్ లాంటివి), గోధుమ బీర్లు, హాప్ ఎక్కువగా వేసే ఐపీఏలు ఇందులోకి వస్తాయి. మన దేశంలో తయారైన బీర్ల మీద సాధారణంగా తయారీ నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది. ఐపీఏలకు అంతకాలం కూడా ఎక్కువే. బీరులో చేదు, వాసన కోసం వేసే హాప్ పువ్వుల నుంచి వచ్చే పళ్ల వాసన ముందుగా పోతుంది, చేదు మిగులుతుంది. రెండు మూడు నెలలు దాటిన ఐపీఏ తాగి దానికి మార్కులు వేయడం దానికి అన్యాయం చేయడమే. మైక్రోబ్రూవరీ నుంచి పార్శిల్ తెచ్చుకున్న బీరు వడకట్టనిది, పాశ్చరైజ్ చేయనిది అయితే దానికి రోజులే తప్ప నెలలు లేవు.

రెండో గుంపు ఆగేవి. 10 శాతం దాటిన ఇంపీరియల్ స్టౌట్లు, బార్లీవైన్లు (పేరులో వైన్ ఉన్నా ఇవీ బీర్లే), బెల్జియం వాళ్ల నల్లటి స్ట్రాంగ్ ఏల్స్ (లాగర్ల కన్నా ఎక్కువ వేడిలో పులియబెట్టే బీర్లు) కొన్నేళ్లు నిలవ ఉంటాయి. బ్రస్సెల్స్ చుట్టుపక్కల గాలిలోని ఈస్టుతో పులిసే లాంబిక్ బీర్లను కలిపి చేసే గ్యూజ్ అయితే ఇంకా మొండిది, కొన్ని సీసాల మీద 20 ఏళ్ల గడువు ముద్రిస్తారు. ట్రాపిస్ట్ సన్యాసుల మఠంలో తయారయ్యే ఓర్వాల్ 6.2 శాతమే అయినా, సీసాలో నింపేటప్పుడు బ్రెటనోమైసిస్ అనే ఈస్టు కలుపుతారు కాబట్టి నెలలు గడిచేకొద్దీ హాప్ వాసన తగ్గి, తోలు, పశువుల కొట్టం వాసన వైపు మారుతుంది. విరామం తర్వాత తెరవడానికి ఇంతకన్నా మంచి సీసా నాకు తెలియదు.

మూడో గుంపు పారబోయాల్సినవి. మూత చుట్టూ జిగురు కారినవి, గడువు బాగా దాటిన లాగర్లు, కిటికీ పక్కన ఎండలో ఉన్న ఆకుపచ్చ లేదా తెల్ల సీసాలు. హాప్‌లోని చేదు పదార్థం మీద వెలుతురు పడితే గంధకం ఉన్న ఒక సమ్మేళనం తయారవుతుంది, దాని ఘాటు గంజాయి వాసనకు దగ్గరగా ఉంటుంది. గోధుమరంగు సీసాలు దీన్ని చాలావరకు ఆపుతాయి. అందుకే షాపులో కూడా ట్యూబ్‌లైటు కింద నెలలుగా నిలబడిన ఆకుపచ్చ సీసాను నేను కొనను.

ఇక మన ఎండల సంగతి. బీరు పరిశ్రమలో 3-30-300 అని ఒక మోటు లెక్క ఉంది. దాదాపు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు బీరును ఒకే రకంగా ముసలిదాన్ని చేస్తాయని దాని అర్థం. ఇప్పుడు మే నెలలో విజయవాడ ఇంట్లో అలమారాను ఊహించుకోండి. యూరప్ వాళ్లు 'సెల్లార్‌లో పెట్టండి' అని సలహా ఇస్తే మనకది పనికిరాదు. మనకు సెల్లార్ అంటే కారు పెట్టుకునే చోటు. ఆగే సీసాలు రెండో మూడో ఉంటే ఫ్రిజ్ కింది అరలో, నిలబెట్టి, కాగితం చుట్టి పెట్టండి. అంతకన్నా ఎక్కువ ఉంటే పంచేయండి. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చనేది రాష్ట్రానికో రకంగా ఉంటుంది, ఎక్సైజ్ నిబంధన ఒకసారి చూసుకోండి. పక్క రాష్ట్రం నుంచి తెచ్చిన సీసాల విషయంలో ఇంకా జాగ్రత్త.

మొదటి గుంపును స్నేహితులకు ఇచ్చేయండి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి, కాలేజీలో చదివే తమ్ముడికి కాదు. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి: తాగిన తర్వాత రెండు ముక్కలు రాసి పంపాలి. మీ నంబర్లలో అది చేరదు కానీ, మీరు కొని తెరవని బీరు ఎలా ఉందో ఒక జాడ మిగులుతుంది. కొద్దిగా పాతబడిన లాగర్‌ను బజ్జీల పిండిలో సోడా బదులు కలిపితే బజ్జీ కరకరలాడుతుంది. వేయించినంత మాత్రాన ఆల్కహాల్ పూర్తిగా పోతుందన్న హామీ లేదు, కాబట్టి దీక్షలో ఉన్నవాళ్లకూ పిల్లలకూ ఆ బజ్జీలు పెట్టకండి.

లేబుళ్లు దాచుకునే అలవాటుంటే, సీసాలు పారేసే ముందు వేడినీళ్లలో కొంచెం వాషింగ్ సోడా వేసి నానబెట్టండి. చాలావాటికి జిగురు వదులుతుంది. ప్లాస్టిక్ స్టిక్కర్లు వదలవు, ఫోటో తీసుకుని వదిలేయండి.

నోట్సును తాళం వేసే పద్ధతి

ఈ భాగానికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

యాప్‌లో రాసేవాళ్లు ముందు దాన్ని బయటికి తీయాలి. రేట్‌బీర్ అనే సైటు 2000లో మొదలై ఇరవై ఏళ్లకు పైగా నడిచింది, లోకమంతటా బీరు పిచ్చివాళ్లు లక్షల కొద్దీ సమీక్షలు అందులో రాశారు. అది 2025 ఫిబ్రవరి 1న మూతపడింది. ముందే కాపీ తీసుకోనివాళ్ల రాతలు వాళ్ల చేతిలో లేకుండా పోయాయి. ఈరోజు మీరు అన్‌టాప్డ్ వాడుతున్నా మరొకటి వాడుతున్నా, డేటా దించుకునే వీలుంటే దించుకుని ఎక్సెల్‌లో పెట్టుకోండి. లేకపోతే స్క్రీన్‌షాట్లైనా తీయండి. ఒక కాపీ మెయిల్‌లో, ఒకటి ఇంట్లో. నోటుబుక్కులో రాసేవాళ్లు ప్రతి పేజీనీ ఫోటో తీయాలి, తడిచిన గ్లాసు కింద పెట్టిన పుస్తకంలో ఇంకు ఎంతకాలం నిలుస్తుందో మీకే తెలుసు.

తర్వాత చివరి పది ఎంట్రీలు చదవండి. వాటి రుచి ఇంకా కాస్త గుర్తుంటుంది కాబట్టి ఖాళీలు నింపే అవకాశం ఇప్పుడే ఉంది. ఏ తేదీన తాగారు, సీసా ఎప్పుడు తయారైంది, సీసానా టిన్నా డ్రాఫ్టా (పీపా నుంచి పట్టిందా), ఎంత చల్లగా ఉంది, పక్కన మంచింగ్ ఏంటి. ఈ చివరిది చిన్న విషయం కాదు. మిరపకాయ బజ్జీ తిన్న నోటితో చేదు బీరు ఇంకా చేదుగా, ఇంకా మంటగా అనిపిస్తుంది. చికెన్ 65 పక్కన వేసిన 4 మార్కులను, ఉత్త నోటితో వేసిన 4 మార్కులతో పోల్చలేం. గుర్తులేని వివరాన్ని ఊహించి రాయకండి, గీత పెట్టి వదిలేయండి.

అన్నిటికన్నా విలువైనది మార్కుల పట్టీ. మీరు పదికి వేస్తారో అయిదుకు వేస్తారో కాదు, 6 అంటే మీ దృష్టిలో ఏ బీరో రాయాలి. పోటీల్లో న్యాయనిర్ణేతలకు శిక్షణనిచ్చే బీజేసీపీ అనే అమెరికా సంస్థ షీటులో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తంగా ఎలా ఉందనేదానికి 10. మీరు ఆ పద్ధతి పాటించకపోయినా దాన్నుంచి ఒక విషయం నేర్చుకోవచ్చు. నురగ అందంగా ఉందని ఎక్కువ మార్కులు వేసే అలవాటు మనకుంటే, అక్కడ చూపుకు 50లో 3 మాత్రమే. వాసన, రుచి కలిపి 32.

ఒకే పేజీలో ఇలా రాసి పెట్టండి. నా లెక్కలో తక్కువ మార్కులకు ఉదాహరణ ఫలానా బీరు, నడిమి మార్కులకు ఫలానాది, పై మార్కులకు ఫలానాది. ఈ మూడూ మీ ఊళ్లో ఎప్పుడూ దొరికే బీర్లై ఉండాలి. బ్రస్సెల్స్‌లో ఒకసారి తాగినదాన్ని కొలబద్దగా పెట్టుకుంటే రేపు మళ్లీ సరిచూసుకునేదెలా? చాలామంది తెలుగువాళ్లకు నడిమి మెట్టుగా కింగ్‌ఫిషర్ ప్రీమియం సరిపోతుంది. దాని మీద ఎంత చులకన ఉన్నా, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

ఆ పేజీ కింద మరో నాలుగు లైన్లు: చివరి నంబరు ఎంత, ఫ్రిజ్‌లో ఏ సీసాలున్నాయి, తర్వాత ఏవి చూడాలనుకున్నారు, ఏ స్టైల్ గురించి ఇంకా అర్థం కాలేదు. ఈ చివరి లైను నిజాయితీగా రాయండి. ఉదాహరణకు, 'పుల్ల బీర్లన్నిటికీ ఒకేలా మార్కులు వేశాను, తేడా తెలియలేదు' అని. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఎక్కడ చూడాలో ఆ వాక్యమే చెబుతుంది.

నలుగురికీ చెప్పడం

మీ ప్రాజెక్టు గురించి తెలిసినవాళ్లు సీసాలు తెస్తూనే ఉంటారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు కస్టమ్స్ ఉచితంగా వదిలే రెండు లీటర్లలో మీ కోసం చోటు మిగిల్చి మరీ తెస్తారు. వాళ్లకు ముందే చెప్పకపోతే ఇబ్బంది. 'అన్నా, ఉగాది దాకా కొత్త బీర్లు రాయడం ఆపాను. ఈసారి వచ్చేటప్పుడు బీరు తేవద్దు, చాక్లెట్లు తెస్తే పిల్లలు తింటారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు నేనే అడుగుతా.' ఇంతే. కారణం చెప్పాలని లేదు. సిట్టింగ్‌లో 'ఒక్కటేరా, రాయకు, ఊరికే తాగు' అనే మామ ఒకడు ఎప్పుడూ ఉంటాడు. 'ఈ నెల డ్రైవర్ నేనే' అనండి, రాత్రి పన్నెండుకు అతన్ని ఇంట్లో దింపేవాడు దొరికాడు కాబట్టి ఇక పట్టుబట్టడు.

ముక్కుకు పని కల్పించండి

బీరు తాగకపోయినా బీరులో దొరికే వాసనలన్నీ మన వంటింట్లో ఉన్నాయి. విరామంలో నిజంగా ఉపయోగపడే పని ఇది, పైగా దీనికి ఖర్చు లేదు.

మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు ఎనిమిదో పదో తీసుకోండి. ఒకదానిలో పచ్చి ధనియాలు నలిపి, నారింజ తొక్కతో కలిపి వేయండి. హూగార్డెన్ లాంటి బెల్జియం గోధుమ బీర్లలో వేసేవి ఆ రెండే. ఇంకోదానిలో లవంగాలు, పక్క డబ్బాలో బాగా మగ్గిన చక్రకేళి ముక్క. జర్మనీ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది కానీ వాటిని ఎవరూ వేయరు, ఈస్టే తయారు చేస్తుంది. కాఫీ పొడి, కిస్మిస్, బెల్లం పాకం ముదురు రంగు బీర్ల కోసం. కరిగించిన వెన్న, ఉడికించిన మొక్కజొన్న, ఆకుపచ్చ ఆపిల్ ముక్క తప్పుల కోసం. వెన్న వాసన డయాసిటైల్ అనే రసాయనానిది, మొక్కజొన్నది డీఎంఎస్‌ది, పచ్చి ఆపిల్‌ది ఎసిటాల్డిహైడ్‌ది. మామూలు లాగర్‌లో ఇవి గట్టిగా తగిలితే తయారీలోనో నిలవలోనో ఎక్కడో తేడా జరిగిందన్నమాట. తడిపిన అట్టముక్క ఒకటి తప్పకుండా పెట్టండి. ఆక్సిజన్ తగిలి పాతబడిన బీరు అచ్చం అలాగే ఉంటుంది.

డబ్బాల అడుగున పేర్లు రాసి, ఇంట్లో ఎవరినైనా వాటి వరస మార్చమనండి. కళ్లు మూసుకుని వాసన చూసి, పేరు రాసి, అప్పుడు తిప్పి చూసుకోండి. మొదటిసారి లవంగమే తప్పు చెబుతారు, కంగారు పడకండి. పేరు లేకుండా వాసన వస్తే గుర్తుపట్టడం అందరికీ కష్టమే. వారానికి ఒకసారి చాలు. పిల్లలకు ఇది ఆటలా నచ్చుతుంది, తరచూ వాళ్లే గెలుస్తారు.

వాసన తర్వాత నోరు. చేదును కొలవడానికి కాకరకాయ ముక్కలు ఉడికించిన నీళ్లు పనికొస్తాయి. చిక్కనివి ఒక గ్లాసు, సగం నీళ్లు కలిపినవి ఒకటి, ఇంకా పలుచన చేసినవి ఒకటి. మూడింటినీ తారుమారు చేసి వరసలో పెట్టగలరేమో చూడండి. దాని పక్కన చక్కెర లేని డికాక్షన్ పెట్టుకుంటే, హాప్ చేదు వేరు, వేయించిన గింజ చేదు వేరు అనే సంగతి నాలుకకు అర్థమవుతుంది. బీరు నోట్లో పలుచగా ఉందా, నిండుగా ఉందా అనేది చాలామంది సరిగ్గా పట్టుకోలేరు. గంజిని పలుచగా, మధ్యస్థంగా, చిక్కగా మూడు రకాలుగా కలుపుకుని తాగి చూస్తే ఆ తేడా నోటికి అలవాటవుతుంది. పులుపుకు తరవాణి ఉంది. కుండలో పులిసిన ఆ నీళ్లలోని లాక్టిక్ పులుపు, జర్మనీ పుల్ల బీరు బెర్లినర్ వైసెలో ఉన్నదీ ఒకే కోవకు చెందినవి. నిమ్మరసం పులుపుతో, వెనిగర్ పులుపుతో పోల్చి చూడండి. పైన రాసుకున్న 'పుల్ల బీర్ల తేడా తెలియలేదు' అన్న సమస్యకు సగం మందు ఇక్కడే దొరుకుతుంది.

విరామం వేసవిలో పడితే మీ అదృష్టం. అదే షీటు తీసుకుని మామిడిపళ్లకు మార్కులు వేయండి. బంగినపల్లి, చెరుకు రసం, సువర్ణరేఖ, హిమాయత్. రంగు, వాసన, రుచి, నోట్లో తగిలే తీరు, మొత్తం మీద. మార్కులు వేసే చెయ్యి ఆడుతూనే ఉంటుంది, రాసే భాష పదునెక్కుతుంది. సిట్రా, మొజాయిక్ లాంటి అమెరికా హాప్‌లలో మామిడి వాసన అంటారు కదా, ఏ మామిడి అని మీరు అడగగలిగే స్థితికి వస్తారు.

సున్నా శాతం బీర్ల గురించి

హైనెకెన్ 0.0, బడ్‌వైజర్ 0.0 లాంటివి ఇప్పుడు సూపర్ మార్కెట్లలో కనిపిస్తున్నాయి. చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉన్నవాటిని కూడా ఆల్కహాల్ లేనివిగానే అమ్మనిస్తారు కాబట్టి లేబుల్ మీద అంకె చదవండి. దీక్షలో వద్దు, అది లేబుల్ తేల్చే విషయం కాదు. డాక్టరు చెప్పి ఆపినవాళ్లు ఆయన్నే అడగాలి. ముఖ్యంగా యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లకు ఆల్కహాల్ ఒక్కటే కాదు, బీరులోని ప్యూరిన్లూ (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) సమస్యే. తాగితే గనక నోట్సు రాయండి, కానీ వేరే షీటులో. అసలు లెక్కలో కలిపితే 88 అనే నంబరుకు అర్థం పోతుంది.

తేదీ వచ్చాక

రిమైండర్ మోగింది, మీకు పెద్దగా ఆసక్తి కలగలేదు. ఇంకొక్కసారి పొడిగించండి. రెండోసారి కూడా అంతే అయితే షీటు చివర 'ముగిసింది' అని తేదీ వేసి, ఫ్రిజ్‌లో ఆగిన సీసాలను ఇష్టమున్నవాళ్లకు ఇచ్చేయండి. ఏ మొహమాటమూ అక్కర్లేదు.

మొదలుపెట్టాలనే ఉంటే కొత్త బీరు తెరవకండి. ముందు మీ నడిమి కొలబద్ద బీరు, ఈ మధ్యే తయారైన సీసా వెతికి తెచ్చుకోండి. పాత నోట్సు చూడకుండా కొత్తగా రాసి, మార్కులు వేసి, అప్పుడు పాత పేజీ తీయండి. 50కి వేసేవాళ్లకు రెండు మూడు మార్కుల తేడా మామూలే. అంతకన్నా దూరంగా ఉంటే మీ నాలుక మారిందన్నమాట. చాన్నాళ్లు దూరంగా ఉన్నవాళ్లకు చేదు కాస్త ఎక్కువగా తగలడం సహజమే. అప్పుడు పాత మార్కులను దిద్దకండి. అవి అప్పటి మీ నాలుకవి. 'రెండో విడత' అని గీత గీసి, నంబరు మాత్రం 88 నుంచే కొనసాగించండి.

విరామం తర్వాత తట్టుకునే శక్తి తగ్గుతుంది, ఇదివరకు అలవాటైన కొలత ఇప్పుడు ఎక్కువవుతుంది. ఒక్కో బీరు 60 నుంచి 90 మిల్లీలీటర్లు పోసుకుంటే రుచి చూడ్డానికి ధారాళంగా సరిపోతుంది, మిగతాది పక్కవాళ్లతో పంచుకోండి. ఒక సిట్టింగ్‌లో రెండు చాలు. లాగర్లను 4 నుంచి 7 డిగ్రీల మధ్య, ఏల్స్‌ను 8 నుంచి 12 మధ్య తాగండి. వైన్స్‌లో 'కూల్ బీర్' అని ఇచ్చేది సాధారణంగా ఇంతకన్నా గడ్డకట్టే చలిలో ఉంటుంది, వాసన తెలియదు, బయట కాసేపు ఉంచండి. ఫ్రిజ్‌లో దాచిన ఓర్వాల్‌నో స్టౌట్‌నో మొదటి వారమే తెరవాలని చెయ్యి లాగుతుంది. నాలుగైదు మామూలు బీర్లు రాసి, మార్కులు కుదుటపడ్డాక తెరవండి. అదే బీరు తాజా సీసా కూడా దొరికితే రెంటినీ పక్కపక్కన పోసి, ఒకే షీటులో రెండు గడులు గీసి రాసుకోండి.